నవలలో ఆ పిల్ల లోపల ఉంటాం, సినిమాలో ఆట చూసే జనంలో కూర్చుంటాం

చెల్లె, నీ ప్రశ్న మొత్తం చదివాను, నువ్వు పెట్టిన నేరేషన్ కాపీ (నిర్మాతకి చదివి వినిపించే కథ) కూడా చూశాను. మిగతావాళ్ల కోసం ముందు సంగతేంటో క్లుప్తంగా చెప్తా. అడిగినామెది దేవరకొండ దగ్గర పల్లె, డిగ్రీ అయిపోయింది, పదిహేను పదహారేళ్ల పిల్లలు చదువుకునేలా ఒక నవల రాసింది. కథ 2090ల్లో జరుగుతుంది. బోరు వేస్తే వచ్చేదంతా పళ్లు, ఎముకలు పాడుచేసే ఫ్లోరైడ్ నీళ్లే. మంచినీళ్లన్నీ గుట్ట మీద గోడ కట్టుకున్న ఒక పట్నం చేతిలో ఉంటాయి. కింద ఊళ్లలో పదిహేనేళ్లు నిండిన పిల్లలకి ఏటా ఎముకల పరీక్ష చేస్తారు, గట్టిగా ఉన్నవాళ్లని ఎండిపోయిన కాలువ సొరంగాల్లో పోటీకి తీసుకుపోతారు, గెలిచినవాళ్ల ఊరికి ఏడాదిపాటు నీళ్లు. పట్నం వాళ్లు ఆ పోటీని తెర మీద చూస్తూ కూర్చుంటారు. ఆమె అడిగేది: ఇట్లాంటి నవలలు అమెరికాలో అంత పెద్ద సినిమాలు ఎట్లయినయి, నేను హైదరాబాద్‌ పోయి కథ చెప్తే మాత్రం "బాగుందమ్మా, కానీ ఇది సినిమా కాదు" అని ఎందుకంటున్నరు, ఎవరన్నా ఒప్పుకుంటే హక్కుల కాగితం ఎట్లా రాసుకోవాలె.

నేనూ నల్గొండవాణ్నే. చాలా ఏళ్లుగా కథా చర్చల్లో కూర్చుని, వన్ లైన్ ఆర్డర్లు (సీన్ల వరస జాబితాలు), డైలాగ్ వెర్షన్లు రాసి బతుకుతున్నా. తెర మీద పేరు పడ్డవి కొన్ని, పడనివి చాలా. కాబట్టి మొహమాటం లేకుండా మాట్లాడతా.

"సినిమా కాదు" అన్నవాళ్లు నీ కథ అర్థం కాక అనలేదు. నీ నేరేషన్‌లో మొదటి తొమ్మిది పేజీలు చరిత్రే ఉంది. కృష్ణ ఎప్పుడు ఎండింది, ఏ ఒప్పందం ఎవరు రాశారు, పట్నంలో ఎన్ని కులాల బదులు ఎన్ని రంగుల కార్డులు వచ్చాయి, అన్నీ చెప్పావు. నవలలో అది నడుస్తుంది, ఎందుకంటే ఆ అమ్మాయి గొంతులో, వెటకారంగా, కోపంగా చెప్పిస్తున్నావు, చదివేవాడు ఆ గొంతు పట్టుకొని పోతాడు. గదిలో కూర్చుని వినే నిర్మాతకి ఆ గొంతు వినపడదు, చరిత్ర ఒక్కటే వినపడుతుంది, మూడో పేజీకి ఫోన్ చూసుకుంటాడు. అయితే ఇది చిన్న సమస్య, కోత పెడితే పోతుంది. అసలు సమస్య దీని వెనకాల ఉంది, దాన్ని ఎవరూ నీకు చెప్పినట్టు లేరు.

నవల చదివేటప్పుడు మనం ఆ అమ్మాయి లోపల ఉంటాం. ఆమెకి దాహం వేస్తే మన నోరు ఎండుతుంది. పోటీని ఎవరో చూస్తున్నారని ఆమెకి తెలుసు, మనకీ తెలుసు, కానీ ఆ చూసేవాళ్లలో మనం లేం. అదే కథ తెర మీదికి వచ్చిందనుకో. టికెట్ కొనుక్కొని, పాప్‌కార్న్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఏసీలో కూర్చుని, పిల్లలు ఒకళ్లనొకళ్లు చంపుకుంటుంటే చూసేది ఎవరు? మనమే. నీ కథలో ఆ పట్నం జనం చేసే పనే థియేటర్‌లో మనం చేస్తాం, ఇంకా మాట్లాడితే విజిల్ కూడా వేస్తాం. నవల దేన్ని తిడుతుందో సినిమా దాన్నే అమ్ముకునే ప్రమాదం ఇక్కడుంది. ఈ రకం నవలని సినిమా చేసే ప్రతివాడూ మొదటి రోజే దీనికి జవాబు వెతుక్కోవాలి, లేకపోతే ఎంత బడ్జెట్ పెట్టినా అది వట్టి కొట్లాట సినిమా అయి కూర్చుంటుంది.

'హంగర్ గేమ్స్' వాళ్లు దీన్ని ఎట్లా దాటారో చూడు. జిల్లాల నుంచి పిల్లల్ని పట్టుకొచ్చి, ఒకళ్లే మిగిలేదాకా చంపుకోమని ప్రభుత్వం టీవీలో ఆడించే ఆట కథ అది. సుజాన్ కాలిన్స్ నవల 2008లో వచ్చింది. ఆమె అంతకుముందు పిల్లల టీవీ కార్యక్రమాలకి రాసిన మనిషి. ఒక రాత్రి చానళ్లు మారుస్తుంటే ఒకదాంట్లో రియాలిటీ షో, పక్కదాంట్లో ఇరాక్ యుద్ధం కనిపించి, రెండూ కలిసిపోయినట్టు అనిపించి ఈ కథ పుట్టిందని ఆమే చెప్పింది. అంటే చూడ్డం అనేదే ఆ కథకి విత్తనం. సినిమా 2012 మార్చిలో వచ్చింది, దర్శకుడు గ్యారీ రాస్, స్క్రీన్‌ప్లే పేర్లలో రాస్, బిల్లీ రేతో పాటు కాలిన్స్ కూడా ఉంది. నవల మొత్తం అందులో హీరోయిన్ కాట్నిస్ "నేను" అంటూ వర్తమానంలో చెప్పుకునేదే. సినిమాలో ఆ తలలోని గొంతుని వాయిస్ ఓవర్‌గా పెట్టలేదు. మనవాళ్లయితే మొదటి సీన్ నుంచే పెట్టేవాళ్లు.

మరి ఆమెకి తెలిసినవి మనకెట్లా తెలియాలి? ఒక్క సీన్ చెప్తా, జాగ్రత్తగా చూడు. ఆ అమ్మాయి చెట్టెక్కి కూర్చుంటుంది, కింద శత్రువులు కాపలా. పైన కొమ్మకి ఒక విషపు కందిరీగల గూడు. అవి మామూలు పురుగులు కావు, ప్రభుత్వం ల్యాబుల్లో తయారుచేసినవి, కుడితే పిచ్చెక్కినట్టు భ్రమలు వస్తాయి. పుస్తకంలో ఇదంతా ఆమె ఆలోచనలో చదువుతాం. సినిమాలో కట్ చేసి టీవీ స్టూడియోకి పోతారు. అక్కడ మెరిసే సూట్ వేసుకున్న యాంకర్ తన ప్రేక్షకులకి, చక్కగా నవ్వుకుంటూ, ఆ పురుగులు కుడితే ఏమవుతుందో వివరిస్తాడు. సమాచారం మనకి అందింది, అది ఒక పని. రెండో పని ఇంకా ముఖ్యం: ఒక పిల్ల చావుబతుకుల్లో ఉంటే ఎదుటివాడు కామెంటరీ చెప్తున్నాడని మనకి ఒళ్లు మండుతుంది. ఆ మంటే మనల్ని గ్యాలరీలోంచి లేపి మళ్లీ ఆ పిల్ల పక్కన కూర్చోబెడుతుంది. ఒక్క కట్‌తో రెండు పనులు. నీ నవలలో ఇట్లాంటి చోట్లు చాలా ఉన్నాయి, అన్నీ ఆలోచనల కింద పూడ్చిపెట్టావు.

ఇంకోటి, పుస్తకం ఎప్పుడూ ఆ అమ్మాయిని వదలదు కాబట్టి ఆట నడిపించే గది మనకి కనపడదు. సినిమా ఆ గదిని చూపిస్తుంది. తెల్ల యూనిఫాంలు, గుండ్రంగా బల్లలు, మన ఐటీ కంపెనీలో షిఫ్ట్ చేసినట్టు పని చేసుకుంటున్న మనుషులు, ఒకడు బటన్ నొక్కితే అడవిలో నిప్పు పుడుతుంది. వాళ్ల మొహాల్లో పగ లేదు, డ్యూటీ ఉంది. నా లెక్కలో ఆ సినిమాలో భయపెట్టేది అదే, కత్తులు కాదు. ప్రెసిడెంట్ పాత్ర వేసిన డొనాల్డ్ సదర్లాండ్ ఆ పాత్ర గురించి దర్శకుడికి ఒక ఉత్తరం రాస్తే, దాన్ని చూసి గులాబీ తోట సీన్లు కొత్తగా రాసుకున్నారు. ఆశ కొంచెం ఉంటే జనం అణిగి ఉంటారు, ఎక్కువైతే తిరగబడతారు అని ఆ పెద్దమనిషి మొక్కలు కత్తిరిస్తూ చెప్తాడు. పుస్తకంలో లేని ఆ రెండు మూడు నిమిషాలు లేకపోతే ఆ వ్యవస్థకి మొహమే లేదు.

చంపుకోవడం ఎంత చూపించాలన్నది పెద్ద తలనొప్పి. ఆట మొదలైన తర్వాతి ఊచకోతలో కెమెరాని కుదిపేసి, చప్పుడు దాదాపు తీసేశారు. ఎవరి దెబ్బ ఎవరికి తగిలిందో సరిగ్గా కనపడదు. కెమెరా ఊగుడు తలనొప్పి తెప్పించిందని తిట్టినవాళ్లు బోలెడుమంది, వాళ్ల కోపంలో న్యాయం లేకపోలేదు. కానీ చూసి ఎంజాయ్ చేయడానికి అక్కడ ఏమీ మిగల్చలేదు, నాకది నచ్చింది. పైగా ఇందులో వ్యాపారం కూడా ఉంది. అమెరికాలో పీజీ-13 (టీనేజీ పిల్లల్ని కూడా రానిచ్చే సర్టిఫికెట్) రాకపోతే ఆ పుస్తకం చదివిన పిల్లలే పెద్దవాళ్లు వెంట లేకుండా హాల్లోకి రాలేరు. ఇంగ్లండ్‌లో చిన్న పిల్లలకి అనుమతించే సర్టిఫికెట్ కోసం ఏడు సెకన్లు తీసేశారు. మన దగ్గర కూడా ఇప్పుడు యూ/ఏలో 7+, 13+, 16+ అని విడివిడిగా ఇస్తున్నారు. నీ కథ 13+లో ఉండాలి. 'ఏ' పడితే నువ్వెవరి కోసం రాశావో వాళ్లు గేటు బయటే ఆగిపోతారు.

మార్పుల్లో నాకు పూర్తిగా నచ్చనిది ఒకటి ఉంది. చిన్న పిల్ల రూ చచ్చిపోయాక పుస్తకంలో ఆ పిల్ల జిల్లా వాళ్లు, తిండికి గతిలేని వాళ్లు, తలా కొంత వేసుకుని ఒక రొట్టె పంపిస్తారు హీరోయిన్‌కి. చదువుతుంటే గొంతు పట్టేస్తుంది. సినిమాలో రొట్టె తీసేసి, ఆ జిల్లా జనం తిరగబడి ధాన్యం బస్తాలు పడేసి పోలీసులతో కలబడే సీన్ పెట్టారు. నా మనసు రొట్టె దగ్గరే ఉంది. అయినా కథా చర్చలో నేను కూర్చుని ఉంటే తిరుగుబాటుకే ఓటు వేసేవాణ్ని, ఎందుకంటే రొట్టె విలువ చెప్పాలంటే ఐదు నిమిషాల వివరణ కావాలి, తండ్రి కళ్లలోంచి మొదలైన కోపం బజారంతా పాకడానికి ఒక్క మాట కూడా అక్కర్లేదు.

ఇప్పుడు లెక్కలు. ఖర్చు 8 కోట్ల డాలర్లకి కొంచెం అటూ ఇటూ, ప్రపంచమంతా వసూలు 69 కోట్ల డాలర్ల పైన, అమెరికాలో మొదటి వారాంతమే 15 కోట్ల పైన. తీసిన లయన్స్‌గేట్ అప్పటికి పెద్ద స్టూడియోల్లో ఒకటి కాదు. హీరోయిన్‌గా చేసిన జెనిఫర్ లారెన్స్‌కి అంతకుముందే ఆస్కార్ నామినేషన్ వచ్చింది గానీ పేరు చెప్తే టికెట్లు తెగే స్టార్ కాదు. మరి జనం ఎందుకు వచ్చారు? పుస్తకం కోసం. అందుకే ప్రచారంలో ఆట లోపల జరిగేది చూపించలేదు, పిల్లలు పరుగు మొదలుపెట్టే దగ్గర ట్రైలర్ ఆపేశారు. లోపల ఏముందో చదివినవాళ్లకి తెలుసు, చదవనివాళ్లకి తెలుసుకోవాలని ఉంటుంది. ఈ కిటుకు పాఠకులు ఉన్న పుస్తకానికే పనిచేస్తుంది.

ఇది మనకి కొత్తేం కాదు. వారపత్రికల్లో సీరియల్, తర్వాత నవల, తర్వాత సినిమా, ఇదే దారిలో యద్దనపూడి, యండమూరి కథలు తెర మీదికి వచ్చాయి. 1983లో 'అభిలాష' వచ్చేనాటికి యండమూరి పేరుకి పాఠకులు అప్పటికే ఉన్నారు. మన తెలంగాణ పోరాటం మీద వచ్చిన 'మా భూమి' కూడా కిషన్ చందర్ ఉర్దూ నవలలోంచి తీసిందే. ఇప్పుడు వారపత్రికలు ఆ స్థాయిలో లేవు. నువ్వు ప్రతిలిపి యాప్‌లోనో, ఆడియోగానో వారానికో భాగం వదులు. వెయ్యి మంది పిల్లలు "తర్వాత ఏమైంది అక్కా" అని అడిగే కథకి నిర్మాత గదిలో కుర్చీ దొరుకుతుంది. స్టార్ లేని కథకి పాఠకులే స్టార్.

అన్ని నవలలూ ఇట్లా గట్టెక్కలేదు. 'ది గివర్' అని 1993 నవల ఉంది, చాలా గొప్పది. అందులో మనుషులకి రంగులు కనపడవు. ఆ సంగతి మనకి చాలా సేపటిదాకా తెలియదు, ఎందుకంటే కథ ఎవరి కళ్లతో నడుస్తుందో ఆ పిల్లాడికే తెలియదు, ఒక ఆపిల్ పండు గాలిలో ఏదో మారినట్టు కనిపిస్తే అదేంటో అర్థం కాక తికమకపడతాడు. 2014లో సినిమా తీస్తే ఏమైంది? మొదటి షాట్ నుంచి బ్లాక్ అండ్ వైట్. పుస్తకం దాచిపెట్టింది సినిమా మొదటి సెకన్‌లోనే చెప్పేసింది. తప్పించుకునే దారి కూడా లేదు పాపం. నటుడు జెఫ్ బ్రిడ్జెస్ దాదాపు ఇరవై ఏళ్లు దాని వెంట తిరిగాడు, వసూలు మాత్రం 7 కోట్ల డాలర్లు కూడా దాటలేదు. మాటల్లోనే దాగి ఉండే రహస్యం నీ కథలో ఉందా అని ఒకసారి చూసుకో. నాకు ఒకటి కనిపించింది. నీ హీరోయిన్ పళ్లకి గోధుమరంగు మరకలు ఉన్నాయని నువ్వు నూట అరవయ్యో పేజీలో బయటపెడతావు, పట్నం అమ్మాయి నవ్వుతుంటే చూసి సిగ్గుపడే చోట. నవలలో అద్భుతం. తెర మీద మొదటి క్లోజప్‌లోనే తెలిసిపోతుంది. కాబట్టి దాన్ని దాచకు, తిప్పి వాడు: ఊళ్లో అందరి పళ్లూ అంతే, ఎవరికీ అదొక విషయం కాదు, నోరారా నవ్వుతారు. పట్నం చేరాక మొదటిసారి ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. డైలాగ్ అక్కర్లేదు.

ఇక నీ ఎముకల పరీక్ష. నువ్వు నీలం లైటు యంత్రం రాశావు, పిల్ల లోపలికి నడిస్తే అస్థిపంజరం గాలిలో తేలుతూ కనపడుతుందని. తీసెయ్. సీజీ (కంప్యూటర్ గ్రాఫిక్స్) ఖర్చు ఒకటి, దానికంటే ముఖ్యంగా అందులో మనిషి లేడు. మన జిల్లాలో ఫ్లోరోసిస్ ఉన్నదీ లేనిదీ పైపైన తెలుసుకోవడానికి నిజంగా చేయించే పరీక్షలు నీకు తెలిసే ఉంటాయి. మోకాళ్లు వంచకుండా వంగి కాలి వేళ్లు ముట్టుకోవాలి. గదవ ఛాతీకి ఆనించాలి. చేతులు చాపి, తిప్పి తల వెనక్కి పెట్టాలి. ఈ మూడే. బడి ముందు మైదానం, వరసగా పిల్లలు, ఎదురుగా అమ్మానాన్నలు, ఒక ఉద్యోగి మైకులో "వంగు" అంటాడు. నీ హీరోయిన్ తమ్ముడికి వేళ్లు నేలకి నాలుగంగుళాల దూరంలో ఆగిపోతాయి. ముందు రోజు రాత్రి వాడి వీపు మీద చెయ్యేసి మెల్లగా నొక్కుతూ ఆమె ప్రాక్టీస్ చేయించిన సీన్ ముందే చూపించి ఉంటావు కాబట్టి, ఆ నాలుగంగుళాలు చూస్తూ హాల్లో ప్రతివాడూ తెలియకుండానే కొంచెం ముందుకు వంగుతాడు. ఆ వంగడం నీకు కావాల్సింది. అప్పుడు వాడు చూసేవాడు కాదు, వరసలో నిలబడ్డవాడు.

నీళ్లు శుభ్రం చేసే "స్ఫటిక ఫిల్టర్" కూడా అంతే, గాలిలోంచి పుట్టించావు. మన జిల్లా పేరు మీదే ఒక పద్ధతి ఉంది కదా, నల్గొండ టెక్నిక్. నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో వేసి కలిపి తేరనివ్వడం. ఇంట్లో బకెట్‌లో కూడా చేయొచ్చు. కలిపి ఆపాక నీళ్లలో మబ్బు పట్టినట్టయి, తెల్లటి తరకలు మెల్లగా అడుక్కి దిగుతాయి, ఫ్లోరైడ్‌ని పట్టుకుని. కెమెరాకి అంతకంటే ఏం కావాలి? నీ కథలో ఆ పద్ధతిని పట్నం నిషేధించిందనుకో, ఇంట్లో పటిక దొరికితే శిక్ష, నాయనమ్మ చీర కొంగున పటిక ముక్క ముడేసుకుని తిరుగుతుంటుంది. జనానికి నీళ్లు లేవన్నది మామూలు కథ. బాగుచేసుకునే విద్య ఉన్నా చేసుకోనివ్వరన్నది నీ కథ. విలన్ అప్పుడు మారతాడు, తిరుగుబాటు కూడా బాంబులతో కాదు, ఇంటింటా బకెట్లతో మొదలవుతుంది. ఇది నేను రాసిస్తున్నానని అనుకోకు, నీ ఏడో అధ్యాయంలో నాయనమ్మ మాటల్లో సగం ఉంది ఇది.

ఇక్కడే ఒక జాగ్రత్త. మర్రిగూడ, మునుగోడు వైపు ఒంగిపోయిన కాళ్లతో బతికినవాళ్లు నిజం మనుషులు. ఎన్నో ఏళ్లు కెమెరాలు వాళ్ల దగ్గరికి వచ్చాయి, ఫొటోలు తీసుకున్నాయి, పోయాయి. నీ సినిమాలో వాళ్ల శరీరాలని జాలి కోసమో, భయం కోసమో స్లో మోషన్‌లో చూపిస్తే నువ్వు కూడా ఆ పట్నం జనంలో కలిసినట్టే. నాయనమ్మ వంగిన నడుముతోనే సినిమాలో అందరికంటే తెలివైన పని చేయాలి, కడుపు చెక్కలయ్యే మాటలు అనాలి. మా బంధువుల్లో అట్లాంటి ముసలమ్మ ఉండేది, ఆమె నోటికి భయపడి పట్వారీలు కూడా ఆ గల్లీలోకి వచ్చేవాళ్లు కారు.

ఇంటర్వెల్ గురించి అడిగావు. 'హంగర్ గేమ్స్' నిడివి 142 నిమిషాలు, అందులో ఆట మొదలయ్యేసరికి దాదాపు సగం అయిపోతుంది. అంటే మన లెక్కలో సరిగ్గా ఇంటర్వెల్ దగ్గర! వాళ్లకి ఇంటర్వెల్ లేకపోయినా కొలత అదే. నువ్వేమో ఇరవయ్యో నిమిషంలోనే సొరంగంలోకి దింపేశావు. ఊరు, తమ్ముడు, పరీక్ష, పట్నం ప్రయాణం, అక్కడి మొదటి స్నానం, వీటికి గంట ఇవ్వు. మొదటి స్నానం నువ్వు రెండు లైన్లలో తేల్చేశావు గానీ అది నీ ఫస్టాఫ్‌కి గుండెకాయ. ఊళ్లో బిందె కోసం కొట్టుకున్న పిల్ల, షవర్ కింద నీళ్లు వృథాగా పోతుంటే ఆపడం తెలియక దోసిళ్లతో పట్టడానికి చూస్తుంది. సొరంగం తలుపు మూసుకోవడం ఇంటర్వెల్.

ఖర్చు చూసి పరేషాన్ కాకు. ఇట్లాంటి నవలలోంచే వచ్చిన 'మేజ్ రన్నర్'ని 3.4 కోట్ల డాలర్లలో తీసి 34 కోట్ల పైన వసూలు చేశారు, ఎందుకంటే కథ ఒక పచ్చిక బయలు, చుట్టూ గోడలు, లోపల కుర్రాళ్లు, అంతే. మూసేసిన చోటు కథకి మంచిది, బడ్జెట్‌కి ఇంకా మంచిది. 'హంగర్ గేమ్స్'లో హీరోయిన్ ఊరు కూడా సెట్ కాదు, నార్త్ కరోలినాలో జనం వదిలేసిన ఒక పాత మిల్లు కార్మికుల పల్లె. మనకి రాచకొండ బండలు ఉన్నాయి, దేవరకొండ కోట ఉంది, గ్రానైట్ క్వారీ గుంతలు ఉన్నాయి. సాగర్ కింద మునిగిన ఏలేశ్వరం కథ ఉంది. నీ కాలానికి జలాశయం ఎండిపోయింది కాబట్టి ఆ ఊరు మళ్లీ బయటపడి ఉంటుంది, దాన్ని ఎందుకు వాడలేదో నాకు అర్థం కాలేదు. గుట్ట మీద పట్నం ఒక్కదానికే సీజీ పెట్టు, అది కూడా దూరం నుంచి. 'కల్కి' చూసిన జనానికి పైన స్వర్గం, కింద ఎండిన నేల అంటే ఇప్పుడు విడమరచి చెప్పక్కర్లేదు.

మూడు భాగాలు అన్నావు. వద్దు. ఇప్పుడు మన దగ్గర కథ సగమే ఉన్నా రెండో పార్ట్ ప్రకటించడం ఫ్యాషన్ అయింది. ఇదే రకం నవలల్ని సినిమాలు చేసిన 'డైవర్జెంట్' వాళ్లని చూడు, మొదటి రెండూ దాదాపు 29 కోట్ల డాలర్ల చొప్పున చేశాయి, చివరి పుస్తకాన్ని రెండు ముక్కలు చేస్తే మొదటి ముక్క 18 కోట్ల దగ్గర ఆగింది, రెండో ముక్క అసలు తియ్యనే లేదు. కథ మధ్యలో నిలబడిపోయింది, ఇప్పటికీ. 'హంగర్ గేమ్స్' ఆఖరి పుస్తకాన్ని కూడా రెండు చేశారు, డబ్బులు వచ్చాయి గానీ రెండో సినిమా చేసిన 86 కోట్ల దగ్గరికి ఏదీ పోలేదు, అట్లా చీల్చినందుకు ఆ సినిమాల దర్శకుడు ఫ్రాన్సిస్ లారెన్సే తర్వాత విచారపడ్డాడు. నీ సినిమా ఒక్కటే, బకెట్లు బయటికి వచ్చే దగ్గర అయిపోవాలి.

హక్కుల సంగతి, ఇది మాత్రం ప్రింట్ తీసి పెట్టుకో. ఐడియాకి కాపీరైట్ ఉండదు, రాసిన రూపానికే ఉంటుంది, ఇది సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది. కాబట్టి "లైన్ బాగుందమ్మా" అని విని పంపించిన గదిలో నీ దగ్గర ఏ కాగితమూ లేకపోతే నువ్వు చేయగలిగింది తక్కువ. మొత్తం రాసిపెట్టు, తేదీ ఉన్న మెయిల్‌లో పంపు, రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతలో, సంతకంతో ఉండాలి, నోటిమాట చెల్లదు. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లు, ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకే. హక్కు తీసుకున్నవాడు ఏడాదిలో వాడకపోతే తిరిగి నీకే వస్తుంది, కానీ ఒప్పందంలో వేరేలా రాసుకుంటే ఈ రక్షణ పోతుంది, అందుకే వాళ్లిచ్చే కాగితంలో ముందు వెతకాల్సింది ఆ ఒక్క వాక్యం. "అన్ని భాషలు, అన్ని మాధ్యమాలు, శాశ్వతంగా" అని ఉంటే సంతకం పెట్టకు. సినిమా హక్కు వేరు, వెబ్ సిరీస్ వేరు, సీక్వెల్ వేరు, పుస్తకం వేరు, అన్నీ విడివిడిగా రాయించు, పుస్తకం నీ దగ్గరే ఉంచుకో. వకీలుకి ఇచ్చే ఫీజు దగ్గర పిసినారితనం చేయకు.

చివరికి నువ్వు కొంచెం భయపడుతూ అడిగినది, అమ్మాయిని అబ్బాయిగా మార్చమంటే ఏం చెయ్యాలని. మారుస్తానంటే రేపే అడ్వాన్స్ ఇచ్చేవాళ్లు ఉంటారు, అది నిజం. వయసు అడిగితే ఒకట్రెండేళ్లు పెంచు, ఫరవాలేదు, 'ది గివర్'లో పన్నెండేళ్ల పిల్లాణ్ని కూడా పెద్దవాణ్ని చేశారు. ఫైట్ ఒకటి పెంచమన్నా పెంచు, పాట ఒకటి పెట్టమన్నా నాయనమ్మకి బతుకమ్మ పాట పెట్టు. అమ్మాయిని మాత్రం మార్చకు. మన ఊళ్లలో నీళ్ల బిందె మోసింది ఎవరో ఆ నిర్మాతకి కూడా తెలుసు, కావాలంటే వాళ్లమ్మని అడగమను. ముందు ఆ పరీక్ష సీన్ ఒక్కటే, చరిత్ర ఒక్క లైన్ కూడా లేకుండా, ఎనిమిది పది పేజీల్లో రాసి నాకు మెసేజ్‌లో పంపు. కింద కామెంట్లలో పెట్టకు, ఇప్పుడే కదా రిజిస్టర్ చేయించమన్నా.